ట్రెప్టె వీధి పలక

...అసలు ఆ ముసలావిడ అడిగినప్పుడే, మార్చిలోనే చేసేయాల్సింది, అనుకుంటూ లోథార్ కిర్బాక్ నాలుగో మరమేకు బిగించి, బొటనవేలితో పలక అంచు తడిమాడు. కదలలేదు. ‘స్టేషన్ రోడ్డు’. నిరుడు ఈ రోడ్డుకి ఏదో శాంతి పేరు ఉండేది. అంతకుముందు ఎవరో సేనాధిపతి. పేర్లు చదవడం అతను ఎప్పుడో మానేశాడు. మునిసిపాలిటీ షెడ్డులో చేరిన ముప్ఫై ఒక్కేళ్లలో వీధి పేరంటే అతనికి ఎనామిల్ రేకు ఒకటి, మరలు నాలుగు.

యాభై ఆరేళ్ల మనిషి. ఎప్పుడూ పైకి చూసి పనిచేయడం వల్ల మెడ వెనక ముడతలు పడి, అక్కడ చర్మం తోలు బెల్టులా గట్టిపడింది. తొమ్మిదేళ్లప్పుడు, యుద్ధం ముగిసిన వారం, తల్లి గోడ మీది హిట్లర్ పటం దించి పొయ్యిలో పెడుతుంటే ఎందుకని అడిగాడు. ‘అడక్కు. స్టూలు పట్టుకో’ అంది తల్లి. పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. మంచి పనివాడని పేరు వచ్చింది.

వీధి పేరు మారితే పాత పలకని వెంటనే తీయరు. మూల నుంచి మూలకి ఎర్ర పట్టీ అంటించి, ఏడాది పాటు కొత్తదాని కిందే ఉంచుతారు, తపాలావాళ్లకి తికమక లేకుండా. సరిహద్దు గోడ కూలి రెండు దేశాలూ ఒకటైన ఈ రెండేళ్లలో నూట నలభై పలకలకి పట్టీలు అంటించాడు. వద్దన్నది ఒక్క మనిషే. హెడ్విగ్ ట్రెప్టె. చిన్నప్పుడు బడి వంటగదిలో అతని గిన్నెలో సూపు పోసిన మనిషి. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. హిట్లర్‌కి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేశాడని ఆమె తమ్ముడు ఎరిక్‌ని పంతొమ్మిది వందల నలభై మూడులో చంపేశారు. యుద్ధం తర్వాత ఆమె ఉండే సందుకే అతని పేరు పెట్టారు. ఇప్పుడు అది మళ్లీ పాత పేరుతో తోళ్ల సందు అయింది.

‘పలక తీసేస్తే తీసేయండి. నాకేం?’ అంది మార్చిలో. ‘ఆ ఎర్ర గీత మాత్రం తీసెయ్ లోథార్. వాణ్ణి పట్టుకెళ్లిన మర్నాడే మా మేడ కాపలావాడు గుమ్మం దగ్గర అద్దెవాళ్ల జాబితాలో వాడి పేరు మీద స్కేలు పెట్టి గీత కొట్టాడు. మళ్లీ ఇప్పుడు మీరా?’

‘రూలండీ.’

‘రూలు నాకు తెలుసులే. నీకంటే ముందు పుట్టింది అది.’

ఆ మాట ఏడు నెలలుగా అతని చెవిలో తిరుగుతోంది. ఈ ఉదయం షెడ్డులో అధికారిణి ఊలిగ్ కాగితం చేతికిచ్చింది. ‘ట్రెప్టె వీధికి ఏడాది నిండింది. ఆ పలక పీకి తెచ్చేయ్. పదకొండింటికి ముసలావిణ్ణి వృద్ధాశ్రమం వ్యాను తీసుకెళ్తుందట, ఆవిడ పోయాకే వెళ్లు. ఇంకోటి లోథార్, నెలాఖరుకి సగం మందిని తీసేస్తున్నారు. ఆ జాబితా నా చేతిలో లేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యి.’

చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండుకి పావు తక్కువ. నిచ్చెన తోపుడుబండి మీద వేసి, భోజనానికి షెడ్డుకి పోయే దారి వదిలేసి, సందు వైపు తోశాడు. కాళ్లు తనవే. ఎవరూ పంపలేదు.

వ్యాను అప్పటికే వచ్చింది. రెండో గుమ్మం ముందు హెడ్విగ్ నల్ల కోటు, టోపీతో నిలబడి, పెట్టె మోస్తున్న డ్రైవరుని దబాయిస్తోంది. ‘నెమ్మదయ్యా! అందులో పింగాణీ ఉంది, బంగాళదుంపలు కాదు.’ లోథార్‌ని చూసి మూతి తిప్పింది. ‘నేను బండెక్కేదాకా ఆగలేకపోయావా? అంత తొందరా?’

అతను సందు మొదట్లో, పలక ఉన్న గోడకి నిచ్చెన ఆనించి ఎక్కాడు. గోరుతో ఎర్ర పట్టీ కొస పైకి లేపాడు. ఎండకీ చలికీ గట్టిపడిన పట్టీ చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది.

అయితే గీత పోలేదు. ఏడాదిగా ఊరి చిమ్నీల బొగ్గు పొగ తెల్లటి పలకని బూడిద రంగుకి తెచ్చింది. పట్టీ కింద మాత్రం మసి పడలేదు. మూల నుంచి మూలకి, ఎరిక్ ట్రెప్టె పేరు మీదుగా, మిలమిలలాడే తెల్లటి గీత.

హెడ్విగ్ పొడిగా నవ్వింది. ‘చూశావా? వాళ్ల పని ఎంత గట్టిదో. పోనీలే, దిగు. పడతావు.’

‘అవ్వా, ఎక్కండి. అక్కడ భోజనం చల్లారిపోతుంది’ అన్నాడు డ్రైవరు. సందు ఇరుకు. బండి కింద నది ఒడ్డు దాకా పోయి తిప్పుకుని, మళ్లీ ఈ పలక కిందనుంచే బయటికి రావాలి.

‘వేడిగా ఉన్నా అక్కడి సూపు నాకు తెలుసు. నీళ్లు’ అంటూ ఆమె ఎక్కింది.

వ్యాను కిందికి సాగింది. లోథార్ సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు. నీళ్లు లేవు, వేడి పుదీనా టీ ఉంది. మెడలోని ఉన్ని మఫ్లరు తీసి దాని మీద ఒంపాడు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చేత్తో రుద్దాడు. మసి జిడ్డుగా ఉంది, ముందు పులుముకుంది, తర్వాత నల్లటి నీరుగా మోచేతి మీదుగా చొక్కాలోకి కారింది. ‘ఎ’ తేటపడింది. ‘రి’ తేటపడింది. ఊలిగ్ చెప్పిన జాబితా సంగతి గుర్తొచ్చింది. తన పేరు ఉంటే ఉండనీ, అనుకుని ఇంకా గట్టిగా రుద్దాడు. చుట్టూ ఉన్నదంతా ఆ గీతంత తెల్లబడితే గీతే ఉండదు. కింద ఇంజను మలుపు తిరిగిన శబ్దం. ఇంకా ‘వీధి’ మిగిలింది. మిగిలిన టీ అంతా పలక మీదే ఒంపేసి, చివరి అక్షరం మీదికి వంగాడు.

వ్యాను అతని కాళ్ల కింద నెమ్మదించింది. కిటికీ దించుతున్న చప్పుడు వినిపించింది. తల తిప్పలేదు. తిప్పితే చేయి ఆగుతుంది.

‘ఆ కింద మూల వదిలేశావ్’ అంది ఆమె గొంతు.

తుడిచాడు. కిటికీ మూసుకుంది. బండి పెద్ద రోడ్డెక్కి, ట్రామ్ గంటల్లో కలిసిపోయింది.

లోథార్ స్క్రూడ్రైవరు తీసి మొదటి మర గాడిలో పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత దాన్ని జేబులో వేసుకుని, దిగి, నిచ్చెన మడిచాడు. మసి పట్టిన గోడ మీద తడి ఆరని తెల్లటి పలక, నాలుగు మరలతో, అలాగే ఉంది.