పదమూడో జెర్సీ

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరేలోపు జట్టు జెర్సీలు ఉతికి ఆరేయడం ట్వైలా పని. ఎవరూ అప్పగించలేదు. పెళ్ళైన కొత్తలో కాలేజీలో ఉతికే మిషను చెడిపోతే, "ఈ ఒక్కసారికీ మనింట్లో వేద్దాం" అన్నాడు డ్వైట్. ఆ ఒక్కసారి ఇరవై రెండేళ్ళుగా నడుస్తోంది. డ్వైట్ హాల్వర్సన్ అయోవాలోని ఆ చిన్న కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. ట్వైలా కోచ్ భార్య. అదీ ఒక ఉద్యోగమేనని ఊళ్ళో అందరికీ తెలుసు, అందులో ఏమేం పనులున్నాయో మాత్రం ఎవరూ అడగరు.

నేలమాళిగలో మిషను పక్కన సంచి బోర్లించి లెక్కపెట్టింది. పన్నెండు రావాలి. ఎప్పుడు లెక్కపెట్టినా ఆమె చేతికి పదమూడు వస్తాయి. పన్నెండోది తీశాక కూడా చెయ్యి మళ్ళీ సంచిలోకి వెళుతుంది, ఇంకొకటి తడిగా, బరువుగా అడుగున ఉన్నట్టు. సంచి అడుగు గుడ్డ గోళ్ళకు తగిలేదాకా నమ్మదు. పదకొండేళ్ళుగా ఇంతే. కానీ ఇవాళ పదకొండే వచ్చాయి. నలభై నాలుగో నంబరు లేదు. అది టెస్ జెర్సీ.

పై గదిలో డ్వైట్ నిన్నటి ఆట టేపు చూస్తున్నాడు. ఈల వినిపించింది. టేపు వెనక్కి తిరిగింది. మళ్ళీ అదే ఈల. ఓడిపోయిన ఆటను ఆయన అలా పదిసార్లు చూస్తాడు, పదకొండోసారి గెలుస్తామేమో అన్నట్టు.

ఆయనకు టేపు చూస్తేగానీ తెలియనివి ట్వైలాకు బట్టల్లో తెలుస్తాయి. కెండ్రా జెర్సీ మీద వీపంతా ఉప్పు చారలు. బంతి ఎప్పుడూ ఆ పిల్ల చేతికే. నిన్న జట్టు మొత్తం మీద యాభై ఎనిమిది షాట్లు వేస్తే, ఇరవై నాలుగు కెండ్రావే. ఆట అయ్యాక బాత్‌రూంలో వాంతి చేసుకుంటుంటే ట్వైలాయే వీపు రాసింది. "అందరూ నాకే ఇస్తారు మేడమ్. నాకు చేతులు పడిపోతున్నాయి. వద్దని ఎవరికి చెప్పను?" అంది. పత్రికలో ఫోటో ఆ పిల్లదే వస్తుంది, కాని అది వరం కాదని ఆ చారలు చూసినవాళ్ళకే తెలుసు. టెస్ జెర్సీ తీరు వేరు. భుజం దగ్గర కుట్లు ఊడి, రొమ్ము మీద ఎదుటివాళ్ళ మోచేతుల మురికి అంటి వస్తుంది. కెండ్రాను తరుముకొచ్చే పిల్ల దారిలో గోడలా నిలబడి ఆ దెబ్బ తను తినడమే టెస్ ఆట. దాన్ని స్క్రీన్ అంటారు. ఆటకు పాతిక ముప్పై సార్లు నిలబడుతుంది. స్కోరు రాసే బల్ల దగ్గర దానికి గడి లేదు. పాయింట్లకు ఉంది, బంతి అందుకున్నందుకు ఉంది, తప్పుకు కూడా ఉంది. గోడకు లేదు.

ట్వైలా దగ్గర మాత్రం ఉంది. మూడో వరసలో కూర్చుని, ఒళ్ళో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, పెన్సిలుతో గీతలు గీస్తుంది. అల్లిక లెక్కలు రాసుకుంటోందని పక్కవాళ్ళు అనుకుంటారు.

ఆమెకు ఆ గోడ సంగతి ఎందుకు తెలుసంటే, ఆమే గోడ కనక. ఆమె చిన్నతనంలో అయోవా ఆడపిల్లలు జట్టుకు ఆరుగురు చొప్పున ఆడేవాళ్ళు. ముగ్గురు మైదానంలో ఈ సగం, ముగ్గురు ఆ సగం. మధ్యలో గీత. గీతకు అటు ఉన్నవాళ్ళే బంతి బుట్టలో వెయ్యాలి. ఇటు ఉన్న ముగ్గురి పనీ అడ్డుకోవడం, బంతి లాక్కోవడం, రెండుసార్లు నేలకు కొట్టి గీత దాకా తెచ్చి అటువాళ్ళకు అందించడం. గీత దాటితే తప్పు. ట్వైలా నాలుగేళ్ళు ఇటే ఆడింది. బంతి అందించేశాక నడుం మీద చేతులు పెట్టుకుని, గీతకు కాలిబొటనవేలు ఆనించి, అవతల జరిగే ఆటను చూసేది. పెళ్ళిచూపుల్లాంటి ఆ మొదటి సాయంత్రం కారులో ఈ మాట చెబితే డ్వైట్ పగలబడి నవ్వాడు. "నాలుగేళ్ళలో ఒక్క షాటూ వెయ్యలేదా? మరింక ఆడిందేముంది?" ఆమె కూడా నవ్వింది. నవ్వు తెప్పించే మాట కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఆట పోయింది, ఆ గీత పోయింది, ఇప్పుడు పిల్లలు మైదానమంతా పరిగెడుతున్నారు. కానీ ఈ ఇంట్లో వంటింటికీ భోజనాల గదికీ మధ్య గడప మీద ఇత్తడి పట్టీ ఒకటుంది. ఆదివారం భోజనాలప్పుడు గిన్నె పట్టుకుని అక్కడికి వచ్చిన ప్రతిసారీ ఆమె బొటనవేలు దానికి ఆని ఒక్క క్షణం ఆగుతుంది.

నిన్న రాత్రి భోజనం దగ్గర డ్వైట్ చొక్కా జేబులోంచి వచ్చే ఏటి జట్టు జాబితా తీశాడు. సోమవారం పొద్దున కాలేజీకి ఇచ్చేయాలి. "టెస్‌ను తీసేస్తున్నా. ఆటకు సగటున రెండు పాయింట్లు. ఆ చోటుకు, బుట్టలో వేసే పిల్ల ఇంకొకతి దొరికింది" అన్నాడు.

"నువ్వు నన్ను అడగలేదు కానీ, ఎదుటివాళ్ళు ఇద్దరేసి కెండ్రా మీద పడుతుంటే టెస్ ఖాళీగా ఉంటోంది కదా. ఆమెకి అందిస్తే..."

"ట్వైలా, అటాక్ అంటే విందు భోజనం లాంటిది. అందరూ తింటూ కూచుంటే వడ్డించేదెవరు? ఒకరు తినాలి, ఒకరు వడ్డించాలి. ఆ బీన్స్ ఇటు జరుపు."

ఆమె బీన్స్ జరిపింది.

చర్చి నుంచి వచ్చేసరికి ఓవెన్‌లో మాంసం ఉడికిన వాసన ఇల్లంతా ఉంది. అత్తగారు ఆల్వీనా కోటు విప్పకుండానే తన కుర్చీలో కూర్చుంది. ఎనభై రెండేళ్ళ మనిషి, చెవులు బాగా పనిచేస్తాయి. "ఏమ్మాయీ, పోయిన వారం బంగాళాదుంప ముద్దలో ఉండలున్నాయి. చెయ్యి నొప్పా?" అంది.

"లేదత్తయ్యా, తొందర."

"తొందరేముంటుంది నీకు? బట్టలు మిషనే ఉతుకుతుందాయె."

వంటింట్లో దుంపలు మెదుపుతుంటే వెనక తలుపు మెల్లగా తట్టినట్టయింది. రెండుసార్లు, ఆగి ఇంకోసారి. ట్వైలా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆ తట్టడం ఆమెకు తెలుసు. పదకొండేళ్ళ కింద, ఇలాంటి ఆదివారమే, ఇదే వేళకి, ఇలాగే తట్టింది కోరా.

కోరా కూడా గోడే. ఆ ఏడు డ్వైట్ జాబితాలోంచి ఆ పిల్ల పేరు పోయింది. జెర్సీ తనే ఉతికి, మడతపెట్టి, వెనక తలుపు దగ్గరికి తెచ్చింది. ట్వైలా చేతులకు పిండి ఉంది. వేళ్ళ చివర్లతో అందుకుంది. అప్పుడు కూడా సొరుగులో నోటు పుస్తకం ఉంది, అందులో కోరా పేరు ఎదురుగా గీతల మీద గీతలున్నాయి. నువ్వెంత ఆడావో నేను లెక్కపెట్టానమ్మా, లోపలికి రా, ఆయనతో మాట్లాడదాం, అనాలి. భోజనాల గదిలో గ్రేవీ కోసం ఎదురు చూస్తున్నారు. "రోడ్డంతా మంచు, జాగ్రత్తగా పో" అని తలుపు వేసింది. కోరా కారు ఊరు దాటాక వంతెన మీద జారింది. మంచు వల్లే అన్నారంతా. పోలీసులూ అదే రాశారు. అంత్యక్రియలకు ట్వైలా రెండు పళ్ళేల నిండా బ్రెడ్ ముక్కలు చేసి తీసుకెళ్ళింది. ఆ పేరు ఈ ఇంట్లో ఆ తర్వాత ఎవరూ పలకలేదు. కానీ మిషను తిరిగేటప్పుడు తడిబట్టలు దబదబ గోడకు కొట్టుకుంటాయే, ఆ చప్పుడు ట్వైలాకు ఒంటికి ఒళ్ళు తగిలే చప్పుడులాగే వినిపిస్తుంది. అందుకే రేడియో పెట్టుకుంటుంది.

తలుపు తీసింది. టెస్. చలికి ముక్కు ఎర్రబడి ఉంది. చేతుల్లో నలభై నాలుగో నంబరు, మడతపెట్టి.

"మా రూమ్మేట్ సబ్బుతో నేనే ఉతికేశాను మేడమ్. మీకెందుకూ శ్రమ, మీకు ఎలాగూ పదకొండున్నాయి కదా" అంది టెస్. నవ్వబోయింది. "సార్ చెప్పలేదు కానీ, బోర్డు మీద, రేపు కాలేజీకి ఇచ్చే పేర్లలో నాది లేదు. అర్థమైంది. ఇంటికెళ్తున్నా."

"ఇప్పుడా?"

"మధ్యాహ్నం లోపు వెళ్తే మంచు పడకముందే చేరొచ్చు."

ట్వైలా చేతులు దుంపల పిండితో తెల్లగా ఉన్నాయి. వాటి వైపు చూసుకుంది. జెర్సీని రెండు చేతులతోనూ, పిండి అంటేలా, గట్టిగా పట్టుకుంది. జెర్సీతో బాటు ఆ పిల్ల మణికట్టును కూడా.

"తిన్నావా?"

"లేదు, దార్లో ఏదైనా..."

"లోపలికి రా. తలుపు వెయ్యాలి, చలి."

టెస్ బూట్లు విప్పి గోడవారగా పెట్టింది. ట్వైలా చేతులు కడుక్కుని, సొరుగులోంచి రెండు నోటు పుస్తకాలు తీసింది. పళ్ళేలు తీసింది. బల్ల మీద సర్దింది. తర్వాత, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఎవరికీ వడ్డించకముందే తను కూర్చుంది. టెస్‌ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

డ్వైట్ వచ్చి గుమ్మంలో ఆగాడు. టెస్‌ను చూశాడు, టేపు చూసేటప్పటి మొహమే పెట్టాడు.

"ఇదేమిటి?"

"భోజనం" అంది ట్వైలా. "గ్రేవీ స్టవ్ మీదుంది, డ్వైట్. పట్టుకురా."

"నేనా?"

"గరిటె కుడివైపు సొరుగులో."

ఆల్వీనా కోడలి మొహంలోకి చూసి, కొడుకు మొహంలోకి చూసి, న్యాప్‌కిన్ ఒళ్ళో పరుచుకుంది. వంటింట్లో సొరుగు తెరుచుకున్న చప్పుడు, మూసిన చప్పుడు, ఇంకోటి తెరిచిన చప్పుడు. ఈలోగా ట్వైలా పుస్తకం తెరిచి పైకే చదివింది, ఆయనకు వినపడేలా. "నిన్న కెండ్రా వేసిన ఇరవై నాలుగులో తొమ్మిది పడ్డాయి. ఆ తొమ్మిదిలో ఏడింటికి ముందు టెస్ నిలబడింది. కెండ్రా మీద ఇద్దరు పడ్డప్పుడు టెస్ ఒంటరిగా, బుట్టకు నాలుగడుగుల్లో ఉంది, పదకొండుసార్లు. పదకొండుసార్లూ చెయ్యెత్తింది. బంతి ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్కటీ పడింది. మనం ఓడింది ఐదు పాయింట్లతో."

టెస్ తల వంచుకుని పళ్ళెం అంచు చూస్తోంది. "మీరు చూశారా?" అంది, పక్కనున్న ట్వైలాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా.

"అన్నీ" అంది ట్వైలా.

డ్వైట్ గ్రేవీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఇత్తడి పట్టీ దగ్గరికి వచ్చి ఆగాడు. నిండుగా ఉంది, ఎలా నడవాలో తెలియడం లేదు. అప్పుడే ఆల్వీనా చెంచాతో బల్లంతా చుట్టి చూపించింది.

"అమ్మాయీ, ఉన్నది నలుగురం. ఐదో పళ్ళెం ఎవరికి?"

ట్వైలా చూసింది. నిజమే, ఐదు ఉన్నాయి. ఖాళీ కుర్చీ ముందు శుభ్రంగా ఒక పళ్ళెం, పక్కన మడతపెట్టిన న్యాప్‌కిన్. తను పెట్టినట్టు గుర్తు లేదు. చేతికి ఎప్పుడూ ఒకటి ఎక్కువే వస్తుంది.

"కోరాకి" అన్నాడు డ్వైట్.

గడప మీదే నిలబడి అన్నాడు. ఆల్వీనా చెంచా కింద పెట్టింది. ఆయన కళ్ళు రెండో నోటు పుస్తకం మీద, అట్ట మీది సంవత్సరం మీద ఉన్నాయి.

"ఆ ఏడుది కూడా రాశావా?"

"రాశాను."

"నాకెందుకు చూపించలేదు?"

తప్పు తనది కూడానని ట్వైలాకు తెలుసు. పదకొండేళ్ళుగా సంచి అడుగున వెతుకుతున్నది అదే. "నువ్వు అడగలేదు. నేను గీత దాటలేదు" అంది. "రెండూ నిజమే. ఇంక నేను బట్టలు ఉతకను డ్వైట్. శుక్రవారం ఆటకు మూడో వరసలో కూర్చోను. నీ పక్కన బెంచీ మీద కూర్చుంటాను, పుస్తకంతో. ఇద్దరు కెండ్రా మీద పడగానే బంతి టెస్‌కు ఇవ్వమని అరుస్తాను. నువ్వు అరిచినా సరే, లేకపోతే నేనే అరుస్తాను."

డ్వైట్ పట్టీ దాటి వచ్చాడు. గిన్నె కాలుతోంది, బల్ల మీద కింద వేసే గుడ్డ లేదు. గిన్నెను ఒక చేతి మీద ఆనించుకుని, రెండో చేత్తో చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం లాగి బల్ల మీద పడేసి, దాని మీద గిన్నె పెట్టాడు. జాబితా మీద గోధుమరంగు వలయం పాకింది. ఆయన దాన్ని చూశాడు, తుడవలేదు. కూర్చోబోయాడు.

"రొట్టె ఏదీ?" అంది ఆల్వీనా, అలవాటుగా కోడలి వైపు చూస్తూ.

ముందుగా లేచింది టెస్. మాట పూర్తయ్యేలోపే కుర్చీ వెనక్కి జరిగింది, భుజాలు ముందుకు వంగాయి, ఎవరి దారిలోనో నిలబడడానికి వెళుతున్నట్టు. ట్వైలా ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసింది.

"కూర్చోమ్మా" అంది. "ఆయన తెస్తాడు."