దారపుండలు

"టీ పెట్టు. ఊరికే కూర్చోనే ఉండావు కదా" అన్నాడు మా ఆయన ఆదినారాయణ, మంచం మీద వెల్లకిలా పడుకుని. అప్పటికి నేను ఎనుముకు గడ్డేసి, పాలు పితికి, సంగటి కెలికి, అంట్లు తోమి, బట్టలుతికి ఆరేసి, అప్పుడే వచ్చి బొంత ముందర కూర్చున్నాను. ఆయన మాత్రం పొద్దుటి నుంచి ఒకే పని చేస్తున్నాడు, పక్క మార్చడం.

ఆయన అలా పడుకోవడానికి కారణం ఉంది. మా ఊరు జమ్మలమడుగు పక్కన. ఊళ్ళో రెండు వర్గాలు, వర్గానికొక పార్టీ. పార్టీలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ వర్గాలు మారవు. పంచాయతీ ఎన్నికలకు నామినేషన్లు వేసిన నాడు తలలు పగిలాయి. పోలీసులొచ్చి బడిలో మకాం పెట్టారు. ఊరంతా 'అన్న' అని పిలిచే నాయకుని జీపు వెనక తిరిగేవాళ్ళను ఇల్లు కదలొద్దన్నారు. అలా పిల్లలకు బడి పోయింది, మొగుడికి వీధి పోయింది, అందరూ కలిసి నా మీద పడ్డారు. "నాలుగ్గోడల మధ్య పిచ్చెక్కుతాంది" అన్నాడాయన రెండో రోజుకే. పెళ్ళైనప్పటి నుంచి నేనుంటున్నది ఆ గోడల మధ్యేనని చెబుదామనుకున్నాను. ఇంతలో టీ పొంగింది.

పిల్లలు ఊరికే ఉంటే కొట్టుకుంటారని ఇద్దరికీ బొంత కుట్టడం నేర్పడం మొదలుపెట్టాను. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరచి, పైన రంగురంగుల ముక్కలు పేర్చి, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్లు వేయాలి. మా అమ్మ నాకు నేర్పేటప్పుడు "సూది నిన్ను గుచ్చదే, నీ మనసు యాడికో పోతే నువ్వే పోయి గుచ్చుకుంటావు" అనేది. అదే మాట నా నోట్లో నుంచి రావడం విని నాకే నవ్వొచ్చింది. మా పెద్దది నాగరత్న కుట్టు తీగ లాగినట్టు తిన్నగా ఉంటుంది. చిన్నోడు ఓబులేసుది మొదట్లో దారి తప్పిన చీమలబారు. కానీ ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో వాడికి తెలిసినట్టు నాకు కూడా తెలియదు.

"మగబిడ్డ చేతికి సూదిస్తావా? రేపు ఊర్లో నన్ను తల ఎత్తుకోనిస్తావా?" అన్నాడు మా ఆయన.

"మన ఇంట్లో మగోళ్ళు సూది పట్టేది కాల్లో ముల్లు తీయనీకే" అని మా అత్త తిరుపాలమ్మ వక్క నములుతూ వంత పాడింది.

ఓబులేసు తలెత్తలేదు. "నాయనా, కాలు తీయి. నా పచ్చముక్క తొక్కుతాండావు" అన్నాడు.

మా అమ్మది మోరగుడి. అక్కడి మగ్గాల దగ్గర మిగిలిన నూలుపోగులు మూట కట్టి పంపిస్తుంది. చిక్కు తీసి, పేని, ఉండలుగా చుట్టాలి. ఎవరి ఉండ లావైతే వాళ్ళకు బెల్లంగడ్డ అన్నాను. బుట్టెడు ఉండలు తయారయ్యాయి. గుడ్డ కప్పి మంచం కింద పెట్టాను.

ఒకరోజు పొద్దున్నే ఎస్సై, కానిస్టేబుళ్ళు ఇంటింటి సోదాకు వచ్చారు. మా ఆయన లేచి, చొక్కా తొడిగి, మీసం సవరించుకున్నాడు. "వెతుక్కోండి సార్. మా ఇంట్లో ఏముంటాది?" అన్నాడు గంభీరంగా.

ఒక కానిస్టేబులు మంచం కింద నుంచి బుట్ట లాగి, గుడ్డ తీశాడు. గుండ్రంగా, బిగించి దారం చుట్టిన ఉండలు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అది బరువుగా ఉంది. మా సీమలో దారం చుట్టిన బరువైన ఉండ అంటే నాటుబాంబని చంటిబిడ్డను అడిగినా చెబుతుంది. అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "సార్" అన్నాడు, గాలి తగిలితే పేలుతుందేమో అన్నంత మెల్లగా.

"ఎవరూ కదలొద్దు" అన్నాడు ఎస్సై.

ఎవరూ కదల్లేదు, ఒక్క మా ఆయన తప్ప. పెరటి గోడ దూకిన చప్పుడు, వెంటనే పక్కింటి పేడదిబ్బలో పడిన చప్పుడు వినిపించాయి.

ఓబులేసు సూది పట్టుకునే లేచాడు. "సార్, అది నాది. కింద పడేయాకండి, చిక్కు పడతాది" అన్నాడు. కానిస్టేబులు చేతిలోంచి ఉండ తీసుకుని దారం కొస పట్టి లాగాడు. ఉండ తిరిగి తిరిగి కరిగింది. చివరికి గులకరాయి బయటపడింది.

"చూడుమ్మా, రాయి పెట్టి లావు చేసినాడు. బెల్లం నాకు రావల్ల" అంది నాగరత్న.

ఎస్సై మంచం మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. మంచినీళ్ళు తాగి, బొంత చూసి, ఇది మీరే కుట్టారా అని పిల్లల్ని అడిగాడు. కానిస్టేబులు చొక్కా జేబు ఊడి వేలాడుతుంటే ఓబులేసు అతన్ని నిలబెట్టి కుట్టేశాడు. "మీ ఆయన మాకంటే భయస్తుడమ్మా" అని, పెరట్లోకి తొంగి కూడా చూడకుండా వాళ్ళు వెళ్ళిపోయారు.

మా ఆయన పేడకాళ్ళతో తిరిగొచ్చి నీళ్ళు తోడమన్నాడు. తోడాను. వీధి వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను. పొయ్యి ముందర కూర్చుని ఊదుతుంటే ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. కానిస్టేబులు భయపడ్డాడంటే అర్థముంది. ఈయనెందుకు భయపడ్డాడు? ఆ బుట్ట పక్కన పిల్లలు పేచీ పడుతూ ఉండలు చుడుతుంటే ఈ మంచం మీదే ఉన్నాడు కదా. తన మంచం కింద అలాంటిది ఉండొచ్చని ఒక్క క్షణంలో ఎలా నమ్మాడు? నమ్మినవాడు ఇద్దరు బిడ్డల్ని దాటుకుని ఒక్కడే ఎలా దూకాడు?

ఊదుగొట్టం పక్కన పెట్టి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "మన ఇంట్లో ఏముంది?" అన్నాను.

"ఏముంది?"

"అదే నేనూ అడుగుతాండా."

తల తుడుచుకుంటున్న తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. "నాది కాదు. అన్న మనుషులు ఎలక్షన్లయ్యేదాకా పెట్టుకోమని ఇచ్చినారు. నీ బుట్టలోకి కూడా సర్దినారేమో అనుకున్యా."

"యాడ పెట్టినావు?"

"గడ్డివామిలో."

రోజూ సాయంత్రం నా బిడ్డలు ఆ వామి ఎక్కి జారుతారు. ఎనుముకు గడ్డి కోసం పొద్దున్నే చీకట్లో నేను అందులో చెయ్యి పెట్టి పీకుతాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఊరికే కూర్చున్న మనిషి చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో ఆయనకెప్పుడూ అక్కర్లేకపోయింది. అరుస్తాననుకున్నాను. పిల్లల్ని పెరట్లోకి పోవద్దని చెప్పి, బొంత ముందర కూర్చోబెట్టి, చెప్పులు వేసుకున్నాను.

"యాడికి పోతాండావు?"

"బడికి. ఎస్సై ఆడ్నే ఉంటాడు కదా."

"నన్ను జైల్లో పెట్టిస్తావా? అన్నకు ఏం మొహం చూపించల్ల నేను?" అని వసారా వైపు తిరిగాడు. "అమ్మా, చూడు నీ కోడలు ఏం చేస్తాందో. నువ్వన్నా చెప్పు."

మా అత్త అంతా విన్నది. కొడుకు వైపు చూసింది. బొంత మీద వంగి ఉన్న రెండు తలల వైపు చూసింది. నోట్లో వక్క ఉమ్మేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వాకిట్లో అడ్డం నిలబడుతుందనుకుని నేను కొంగు బిగించాను. ఆమె చూరులో నుంచి తన చేతికర్ర తీసుకుంది.

"ఉండవే, నేనూ వస్తా" అంది. "పెండ్లాం చెప్తే మొగుని మీద కోపంతో చెప్తాంది అంటారు. తల్లి చెప్తే నమ్ముతారు."