ఇద్దరూ పిలిస్తేనే తలుపు

చంద్రమండలానికి పోయేవాళ్ళని ముందు గదిలో పెట్టి తాళం వేస్తారట! మూసిన చోట మనిషికి మనిషి మొహం మొత్తుతుందో లేదో చూస్తారట. అరవైతొమ్మిదిలో, కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే జీవరత్నం మేష్టారికి ఆ సరదా పుట్టి భావనపాడులో దిగాడు. ఒకే తెప్ప మీద సముద్రంలో గడిపే పల్లెవాళ్ళకంటే ఈ పరీక్షకి ఎవరు దొరుకుతారు? అందులోనూ దాలయ్య, ఎల్లాజీ బావా బావమరదులు. పొద్దస్తమానం ఒకరినొకరు తిట్టుకుని పగలబడి నవ్వుతారు. వీళ్ళకేం ఢోకా లేదనుకున్నాడు, పాపం.

పాత ఉప్పు కొఠారు ఖాళీ చేయించి కిటికీలు మూయించాడు. ఇద్దరూ కలిసి పిలిస్తేనే తలుపు తీస్తాను, ఒక్కడు మొత్తుకుంటే తీయనన్నాడు. దాలయ్య పెళ్ళాం బుల్లమ్మ గుమ్మంలో మొగుడి చెయ్యి పట్టుకుంది. తల్లి పోయాక తమ్ముడు ఎల్లాజీని పెంచింది ఆవిడే.

"ఆడిది నోటిదూల. నువ్వే కాసుకోవాల. ఆడు తప్ప నాకెవులున్నారు?" అంది.

సముద్రంలో మాట ముదిరితే దాలయ్య మొహం తిప్పుకుని వల చూసుకునేవాడు. కొఠారులో ఎటు తిప్పుకున్నా గోడే. తింటే ఒక మాట, దగ్గితే ఒక మాట అనేవాడు ఎల్లాజీ. రోజులు గడిచేకొద్దీ వాడు నమిలే చప్పుడు విన్నా దాలయ్యకి ఒళ్ళు మండిపోయేది.

ఆ మధ్యాహ్నం ఎల్లాజీ గంజి తాగుతూ, "మా అప్పకి ఒక గుంటడినైనా ఇయ్యనేకపోనావు. నువ్వేటి మొగోడివి బావా?" అన్నాడు.

తెప్ప మీద ఇదే మాటకి దాలయ్య ఎన్నిసార్లు నవ్వలేదు! ఇప్పుడు సత్తు గిన్నె ఎత్తి వాడి మూతి మీద కొట్టాడు. పళ్ళు రాలాయి. ఎల్లాజీ నెత్తురు ఉమ్మి బావ చెవి కొరికి పట్టాడు. కుక్కల్లా కలబడ్డారు. దాలయ్య వాడి జుట్టు పట్టి తల గోడకేసి బాదాడు, మళ్ళీ బాదాడు, చెయ్యి నొప్పెట్టేదాకా బాదాడు. బయట కూర్చున్న మేష్టారు ఆ చప్పుళ్ళు విని, వీళ్ళ సరసం ఎప్పుడూ ఇంతే కదా అనుకున్నాడు.

ఎల్లాజీ గోడవారగా జారిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఒరే, లెగరా! ఎకసెక్కాలాడకు!"

లేవలేదు. ఆస్పత్రిలో వేస్తే బతుకుతాడేమో! దాలయ్య తలుపు మీద పడి గుద్దాడు.

"తియ్యండి బాబూ! ఎల్లాజీ సచ్చిపోతన్నాడు!"

"వాణ్ణి కూడా పిలవమను," అన్నాడు మేష్టారు. "భయపడకు దాలయ్యా, మూసిన గదిలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది."

దాలయ్య ఏడుపు దిగమింగాడు. బావమరది గొంతు పెట్టి వెక్కిరించడం అతనికి కొత్తేం కాదు. ఎల్లాజీలాగే ముక్కుతో, "తియ్యండి మేష్టారూ, మా బావ బెంగెట్టుకున్నాడు!" అని కేకేశాడు.

తలుపు తెరుచుకుంది. మేష్టారికంటే ముందు, అప్పుడే అక్కడికి చేరిన బుల్లమ్మ కూర గిన్నెతో లోపలికి వచ్చింది. ఎండలోంచి రావడంతో ఆవిడకి ఏమీ కనబడలేదు. మొహం నిండా నవ్వే.

"ఇప్పుడే ఆడి గొంతు ఇన్నాను," అంది. "ఏడీ నా తమ్ముడు?"