సాంచా ఆట

మా బడిలో గేమ్స్ పీరియడ్ అంటే లెక్కల క్లాసుకు ఇంకో పేరు. తొమ్మిదో తరగతి పిల్లలు బూట్లు కట్టుకునేలోపే లెక్కల సార్ దశరథం చాక్‌పీసుతో గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. "కరుణాకర్ సార్, జర సిలబస్ ఉన్నది. ఇయ్యాల్టికి ఇయ్యుండ్రి" అంటాడు. ఆ ఇయ్యాల్టికి ఏడాదిగా నడుస్తోంది. నేను పీఈటీని. మెడలో విజిల్ ఉంది, ఊదే భాగ్యం లేదు. ఒళ్లు మండదా మరి?

అప్పుడు కరీంనగర్ బస్సు దిగి నవీన మేడం వచ్చింది. ఆటల పీరియడ్‌లో పిల్లలు ఎంత కదులుతున్నారో చూడటం ఆమె పరిశోధన. నడుముకు కట్టే బెల్టులు తెచ్చింది. వాటిలోని చిన్న మిషన్ కదలికనంతా పట్టేస్తుందట. మా హెడ్మాస్టర్ వినోద మేడం అక్కడికక్కడే తేల్చేసింది. "పిల్లలు కదిలితే పీరియడ్ మీది సార్. ఊకె కూసుంటే ఇగ దశరథం సార్‌దే."

ఆ రోజు చివరి పీరియడ్‌కి గర్వంగా విజిల్ ఊదాను. పిల్లలు నడుముకు బెల్టులు కట్టుకుని మైదానంలోకి వచ్చారు. వచ్చి నిలబడ్డారు. ఒకడు బ్యాటు పట్టాడు, ఒకడు బంతి వేశాడు, మిగతావాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని మబ్బులు చూశారు. ఆడపిల్లలు మెట్ల మీద కూర్చుని ఒకరికొకరు జడలేసుకున్నారు. ఏడాదిపాటు బెంచీలకు అతుక్కున్న పిల్లలు విజిల్ ఊదగానే ఎక్కడ ఉరుకుతారు?

మర్నాడు నవీన మేడం లాప్‌టాప్ తెరిచింది. ఒక్కరూ కదల్లేదు. దశరథం సార్ ముఖం వెలిగిపోయింది.

"ఒక్క మమతారాణి మాత్రం పీరియడ్ అంతా ఒక్క క్షణం ఆగలేదు" అంది ఆమె. "ఇంత కదలిక నేనెక్కడా చూడలేదు. ఏం ఆడించారు సార్?"

నా ఛాతీ పొంగింది. వెంటనే చల్లబడింది, ఎందుకంటే నిన్న ఆ పిల్లను మైదానంలో చూసిన గుర్తే లేదు.

"ఇయ్యాల మేం గూడ వచ్చి చూస్తం. గా పిల్ల ఏం జేస్తదో అందరికి నేర్పుండ్రి" అంది వినోద మేడం.

మమతారాణిని వరండాలోకి పిలిచాను. తల దించుకుంది.

"నిన్న గోడ దుంకి ఇంటికి పోయిన సార్. నూలు కండెలు చుట్టేదుండె. బెల్టు నడుముకు ఒత్తుతుందని సాంచాకు తగిలేసిన."

సాంచా అంటే వాళ్లింటి మరమగ్గం. ఆన్ చేస్తే పూనకం వచ్చినట్టు ఊగుతుంది.

"సాంచాకెందుకే?"

"మా ఇంట్ల ఏదైన గాడ్నే తగిలేస్తం సార్. ఊగుతుంటది గదా, ఎలుకలు రావు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా పీరియడ్ పోయి మగ్గానికి వేలాడుతోంది.

మధ్యాహ్నం చెట్టు కింద కుర్చీలు వేశారు. పిల్లలందరికీ బెల్టులు కట్టారు. మమతారాణి మైదానం మధ్యలో బిక్కచచ్చి నిలబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ పిల్ల నన్నోసారి చూసి, క్లాసు వైపు తిరిగింది.

"సాంచా ఆడుదాం రండ్రి. మీరంత దారాలు, నేను నాడెను."

సాంచాల చప్పుడులో పుట్టిన పిల్లలు, వివరం అడగలేదు. ఎదురెదురుగా రెండు వరుసలు కట్టారు. ఒక వరుస ఎగిరితే ఇంకో వరుస గుంజీలా కూర్చోవాలి, నోటితో టకటకమనాలి. నాడె అంటే మగ్గంలో దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కండె పెట్టె, అది మధ్యలోంచి ఈ కొస నుంచి ఆ కొసకు ఉరకాలి. ఎవరి అడుగు తప్పినా దారం తెగినట్టే, అప్పుడు సాంచా మొత్తం మైదానం చుట్టి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. పాపం, దారం తెగుతూనే ఉంది. పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు, నవ్వలేక పొట్టలు పట్టుకుంటున్నారు. నేను విజిల్ ఊదుతూ ఎగురుతున్నాను.

లాంగ్ బెల్ మోగినా ఎవరికీ వినపడలేదు. ఆపడానికి దశరథం సార్ రెండు వరుసల మధ్యకు నడిచాడు. వెనక నుంచి నాడె దూసుకొస్తోంది. పక్కకు తప్పుకునే దారి లేదు. చాక్‌పీసు చేత్తోనే ఆ కొసకు ఉరికాడు. ఉరికి ఆగాడా, మళ్లీ వెనక్కి ఉరికాడు. ఆయనదీ సాంచాల ఇల్లే మరి.

నవీన మేడం లాప్‌టాప్ చూసి కళ్లు పెద్దవి చేసింది. "నిన్న నువ్వొక్కదానివే ఇది ఆడావా?"

అవునని చెప్పబోయాను నేను.

"లేదు మేడం" అంది మమతారాణి ఆయాసపడుతూ. "నిన్న మా సాంచానే ఆడింది. నేను ఇంట్ల కూసున్న."

సంగతంతా విని వినోద మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది.

"నిన్నటిది కొట్టేయుండ్రి. ఇయ్యాల్టిది నా కండ్లతోని చూసిన. పీరియడ్ కరుణాకర్ సార్‌దే. నువ్వు మాత్రం గోడ దుంకుడు బంద్ జెయ్యి."

ఆ రాత్రి ఆనందంతో నాకు అన్నం సహించలేదు.

తర్వాతి వారం సరిగ్గా నా పీరియడ్‌కి దశరథం సార్ గుమ్మంలో నిలబడ్డాడు. విజిల్ గట్టిగా పట్టుకున్నాను.

"కరుణాకర్ సార్, జర..."

"సిలబస్ ఉన్నదా?"

తల అడ్డంగా ఊపాడు. కిందికి చూస్తే కాళ్లకు కొత్త కాన్వాస్ బూట్లు.

"నన్ను నాడెగ పెట్టుండ్రి సార్. ఇయ్యాల్టికి."