గసగసాల దిండు

కారు రేపల్లె దాటకముందే గౌస్ బీ రెండుసార్లు వెనక్కి తిరిగి పెట్టెను చూసింది. పెట్టె వెనక సీట్లో బుద్ధిగానే ఉంది. కుదురు లేనిది ఆమెకే. షార్జాలో కూతురు సిమ్రాన్‌కి నెలలు నిండాయి. తొలి కాన్పు. అల్లుడు వాజిద్ తప్ప అయినవాళ్ళెవరూ అక్కడ లేరు. సాయంత్రం గన్నవరంలో విమానం ఎక్కి ఆమె కూతురి దగ్గరికి చేరుకోవాలి.

టిక్కెట్టు కొన్న రోజే వాజిద్ ఫోన్లో చెప్పాడు. "గసగసాలు మాత్రం తేకండి అత్తమ్మా. ఇక్కడ మత్తుమందు కింద లెక్క. దొరికితే లోపలేస్తారు."

గసగసాలు లేకుండా ఆ దేశంలో మాంసం ఎలా వండుకుంటారోనని ముందు నవ్వింది. తర్వాత దడ పట్టుకుంది. బాలింత కోసం చేసిన లడ్డూలన్నీ ఇరుగుపొరుగుకు పంచేసి, గసగసాలు లేకుండా మళ్ళీ చుట్టింది. మసాలా పొడి ఇంట్లోనే వదిలేసింది.

దిండు మాత్రం తీయలేదు. పసిబిడ్డ తల గుండ్రంగా కుదరాలని గసగసాలు నింపి కుట్టే జానెడు దిండు అది. సిమ్రాన్ కడుపుతో ఉన్నానని చెప్పిన నాడే, "దిండు నువ్వే కుట్టాలి అమ్మీ" అంది. కూతురు నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అయినా దిండు తినేది కాదుగా అని గౌస్ బీ తనకు తానే తీర్పు చెప్పుకుంది. ఆ తీర్పు సంగతి కారు నడుపుతున్న కొడుకు ఫరూక్‌కి చెప్పలేదు. చెబితే ఊరుకోడని ఆమెకు తెలుసు.

తెనాలిలో టీకి ఆగారు.

"లడ్డూల్లో గసగసాలు లేవుగా అమ్మీ?"

"లేవురా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"అది కాదమ్మీ. మా షాపుకొచ్చే ఆయన చెప్పాడు. వాళ్ళ బావమరిదిని అక్కడి ఎయిర్‌పోర్టులోనే కూర్చోబెట్టేశారంట. బ్యాగు అడుగున నాలుగు గింజలు రాలున్నాయంట. తినడానికా, దేనికా అని అడగరంట. గింజ కనబడితే చాలంట."

ఆమె టీ సగంలోనే వదిలేసి లేచింది. కారెక్కాక కిటికీ దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. చున్నీ కొంగు వేలికి చుట్టింది. పసిపిల్ల ఏడుపూ, పోలీసుల బూట్ల చప్పుడూ కలిసి వినిపిస్తున్నట్టే ఉంది. దుగ్గిరాల దగ్గర కాలవ పక్కన, "ఆపరా" అని అరిచింది.

వాంతి వస్తోందేమోనని ఫరూక్ కంగారుగా దిగాడు. ఆమె పెట్టె లాగి, పసిబట్టలన్నీ గట్టు మీద వేసి, అడుగు నుంచి దిండు తీసింది. ఫరూక్ దాన్ని నొక్కి చూశాడు. అతని మొహం మాడిపోయింది.

"గసగసాలా? ఇందాక అడిగితే లేవన్నావు!"

"నువ్వు లడ్డూల్లో అన్నావు. లడ్డూల్లో లేవన్నాను."

"నిన్ను లోపలేస్తే సిమ్రాన్ దగ్గర ఎవరుంటారు అమ్మీ?"

దారి పొడవునా ఆమె తనను తాను అడగకుండా దాటేసిన మాట అదే. గౌస్ బీకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పంటితో దారం కొరికి, గసగసాలు కాలవలో పోసింది. గలీబు తిరగేసింది. కుట్ల సందుల్లో గింజలు అంటుకునే ఉన్నాయి. ఎంత దులిపినా పోలేదు. ముచ్చటపడి ఆకుపచ్చ దారంతో పువ్వులు కుట్టిన గలీబు అది. దాన్నీ నీళ్ళలో వదిలేసింది. తర్వాత పెట్టె బోర్లించి కొట్టింది. బట్టలు ఒక్కొక్కటీ గాలికి విదిలించింది, గోళ్ళ సందులు కూడా చూసుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. వాజిద్ నంబరు, సిమ్రాన్ గొంతు.

"అమ్మీ, నొప్పులు మొదలయ్యాయి. హాస్పిటల్‌కి తెచ్చేశారు."

గౌస్ బీ నోటికి ముందొచ్చింది దిండే. "దిండు తేవట్లేదు తల్లీ. కాలవలో పారేశాను. నామీద కోపం తెచ్చుకోకు."

సిమ్రాన్ రొప్పుతూనే అడిగింది.

"ఏ దిండు? నువ్వెక్కడున్నావమ్మీ?"

గట్టు నిండా చొక్కాలు, టోపీలు, పొత్తిగుడ్డలు పడి ఉన్నాయి. గన్నవరం ఇంకా చాలా దూరం ఉంది.

"వచ్చేశా తల్లీ, దగ్గరికొచ్చేశా" అంటూ గౌస్ బీ ఒంటిచేత్తో బట్టలన్నీ పెట్టెలో కుక్కడం మొదలుపెట్టింది.