పద్నాలుగో గది తలుపు

పద్నాలుగో గది అమ్మాయి బుధవారం సాయంత్రం నా గదికి వచ్చి ఒక కాగితం ఇచ్చింది. విశ్వవిద్యాలయం మానేసి ఇంటికి వెళ్ళిపోవడానికి పెట్టుకునే దరఖాస్తు అది. కింద మూడు సంతకాలకి చోటుంది: విద్యార్థిది, అంతస్తు పెద్దది, వార్డెన్‌ది. మొదటి సంతకం అప్పటికే ఉంది. రెండోది నేను పెట్టాలి. కారణం అన్నచోట "వ్యక్తిగతం" అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఇచ్చేస్తే అసలు చేరనట్టే రాసుకుంటారు. ఆ తర్వాత ఇస్తే సగంలో మానేసినట్టు రాస్తారు, అది ఎక్కడికెళ్ళినా వెంట వస్తుంది. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. నియమాలన్నీ చదువుకునే వచ్చింది.

ఎందుకు వెళ్ళిపోతున్నావని అడిగాను. "పడట్లేదక్కా" అంది. భోజనమా, చదువా, మనుషులా అంటే అన్నీ బాగానే ఉన్నాయంది. దరఖాస్తు తెచ్చిన రోజే సంతకం పెట్టకూడదని మా చేతిపుస్తకంలో ఉంది. కాబట్టి రేపు మాట్లాడదామని చెప్పి, కాగితం ఆమె చేతికే ఇచ్చి పంపాను.

ఆమె వెళ్ళాక రిజిస్టరు తీశాను.

కొత్తవాళ్ళు కుదురుకోవడానికి మా వసతి గృహంలో ఒక పథకం ఉంది. మొదటి ఆరు వారాలూ, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, వాళ్ళు తమ గది తలుపులు తెరిచి ఉంచాలి. బలవంతమేమీ లేదు. ఏడింటికి అంతస్తు పెద్ద వరండాలో నడుస్తూ ఏ తలుపు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో రాసుకుంటుంది, అంతే. వరసగా మూడు రోజులు మూసి ఉంటే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడ్డవాళ్ళని వెళ్ళి పలకరించాలి. మెట్ల దగ్గర గోడ మీద "తెరిచిన తలుపే తొలి స్నేహం" అని పెద్ద అక్షరాలతో రాయించారు.

మా అంతస్తు పెద్దను నేను. మూడో సంవత్సరం మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. మనుషులంటే ఆసక్తి కొద్దీ కాదు, జాగ్రత్త కొద్దీ. ఈ పని చేసినందుకు వరండా చివర మూలగది ఇస్తారు. దానికి అటూ ఇటూ ఎవరూ ఉండరు. మనుషుల్ని కలిపే పనికి మనుషులు లేని గది ప్రతిఫలం. అందులోని వైరుధ్యం నాకు కనిపించింది గానీ, ఎవరికీ ఎత్తి చూపలేదు.

రిజిస్టరులో పద్నాలుగో గది నాలుగు వారాలుగా ఒక్క రోజు తప్పకుండా తెరిచి ఉంది. భవనం మొత్తంలో అలాంటి గది మరొకటి లేదు. ఆ అమ్మాయికి అంతస్తులో "దర్బారు" అని పేరు. ఎప్పుడు చూసినా ఆమె మంచం మీద ఆరేడుగురు ఉండేవారు. ఒకరు గోళ్ళకి రంగు వేసుకుంటూ, ఒకరు ఫోన్‌లో ఎవరితోనో పోట్లాడుతూ. ఆమె క్లాసుకి వెళ్ళినా దర్బారు నడిచేది. ఆమె ఉన్నప్పుడు, కూర్చోవడానికి చోటు లేక కిటికీ దగ్గర నిలబడి నవ్వుతూ ఉండేది. ఆ నవ్వు కూడా నేను రాసుకున్నాను, "ఉల్లాసం" అన్న వరసలో.

నా అనుమానమంతా పదిహేడో గది మీద ఉండేది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. నాలుగు వారాల్లో పదకొండుసార్లు వెళ్ళి పలకరించాను. పదకొండోసారి ఆ పిల్ల పుస్తకం మూసి, నన్ను జాలిగా చూసి, "అక్కా, మీకెవరూ లేరా?" అని అడిగింది. దాన్ని ఏ వరసలో రాయాలో తెలియక వదిలేశాను.

నోటుపుస్తకం తెరిచి దర్బారు వెళ్ళిపోవడానికి మూడు కారణాలు ఊహించాను. ఇంటి బెంగ. అందరి మెప్పు కోసం పడే తాపత్రయంలో అలసట. మూడోది రెండు పేజీలు వచ్చింది, అందులో ఆమె బాల్యం ఉంది. ఆమె బాల్యం గురించి నాకేమీ తెలియదు. అయినా బాగా వచ్చింది.

గురువారం సాయంత్రం ఆమె గదికి వెళ్ళాను. ఏడుగురున్నారు. కాసేపు బయటికి వెళ్ళమన్నాను. వెళ్ళి వరండాలో నిలబడ్డారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని తలుపు వేద్దామని తోశాను. అది మెల్లగా వెనక్కి వచ్చింది. ఇంకాస్త గట్టిగా తోశాను. మళ్ళీ వచ్చింది, ఇందాకటంత నిదానంగానే. ఏడుగురూ మమ్మల్ని శ్రద్ధగా చూస్తున్నారు.

"అది పడదక్కా" అంది.

"ఎప్పటినుంచి?"

"నేనొచ్చినప్పటినుంచి."

"మరి చెప్పలేదేం?"

ఆమె గొంతు తగ్గించింది. "ఇక్కడి పద్ధతే అంతేమో అనుకున్నా. మెట్ల దగ్గర రాశారు కదా. కొత్తవాళ్ళ తలుపులు కావాలనే అలా చేయించారనుకున్నా. వారం పోయాక పదిహేడో గది మూసి ఉండటం చూశాను. అప్పటికి వీళ్ళంతా అలవాటు పడ్డారు. ఇప్పుడు బాగు చేయించమంటే, మిమ్మల్ని పొమ్మంటున్నా అన్నట్టు ఉండదా?"

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. రాత్రుళ్ళు పెట్టె ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టుకుని పడుకుంటుంది. బట్టలు స్నానాలగదిలో మార్చుకుంటుంది. పెట్టె ఈడ్చిన చప్పుడు నేనూ విన్నాను. సామాను సర్దుకుంటోందనుకుని మొదటి కారణానికి రుజువుగా వాడుకున్నాను. వాళ్ళింట్లో ఎనిమిది మంది ఉంటారట, తలుపున్న గది స్నానాలగది ఒక్కటేనట. పరీక్షలప్పుడు అందులో బోర్లించిన బకెట్ మీద కూర్చుని చదివేదట. ఇక్కడ తనకంటూ ఒక గది ఇస్తారని తెలిసి ఆరు నెలలు దాని గురించే ఆలోచించిందట. గోడకున్న మేకుకు ఒక కొత్త తాళం వేలాడుతోంది. రెండు చెవులూ దారంతో దానికే కట్టి ఉన్నాయి.

"మా మావయ్య కొనిచ్చాడు. 'నీ గది, నీ తాళం, ఇంక నువ్వు దొరసానివే' అన్నాడు" అంది. నవ్వింది. ఈసారి రాసుకోలేదు.

గదికి తిరిగి వచ్చి నా మూడు కారణాలూ మళ్ళీ చదివాను. మూడింటిలోనూ వడ్రంగి లేడు.

రాత్రి భోజనాల ముందు వార్డెన్ దగ్గరికి మరమ్మతు చీటీ తీసుకువెళ్ళాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కిటికీలు, కుళాయిలు, పంకాలు పనిచెయ్యవని ఇరవై ఏళ్ళుగా వింటోందట. పథకం జరిగే రోజుల్లో తలుపు మూసుకోవడానికి చీటీ రావడం ఇదే మొదలట. ఆ గదిని చూపించే కిందటేడాది పథకం పొడిగించారని, అక్కడే ఫోటో తీసి చేతిపుస్తకం అట్ట మీద వేశారని గుర్తు చేసింది. తీసి చూశాను. అట్ట మీద ఏడుగురు నవ్వుతున్నారు. వెనక కిటికీ దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది.

"మన ఆదర్శ గదిని మూయిస్తావా?" అంది వార్డెన్. తరువాత కళ్ళజోడు పెట్టుకుని, సంతకం పెట్టింది.

వడ్రంగి శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. తలుపుని రెండుసార్లు ఊపి చూసి, చట్రం దిగిపోయిందని, అందుకే లోపలి గడియా అందడం లేదు, బయటి గొళ్ళెమూ అందడం లేదని చెప్పాడు. అది రెండేళ్ళ నాటి సంగతట.

"మరి అప్పుడే బాగు చెయ్యలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా. కిందటేడు ఈ గదిలో ఉన్న పిల్లని నేనే అడిగాను, చెయ్యమంటావా అని. పరవాలేదులెండి అంది. నాలుగు రోజులు పోతే విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలైంది."

నేను పాత రిజిస్టరు చూశాను. నలభై రెండు రోజులకి నలభై రెండూ తెరిచే ఉంది. ఆ అధ్యక్షురాలు ఇప్పటికీ రోజుకి మూడు సమావేశాలకి వెళుతుంది. మీకిది ఇష్టమేనా అని అడుగుదామనుకున్నాను. ఇప్పుడు అడిగితే గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుందని ఊరుకున్నాను.

మరమ్మతుకి పదకొండు నిమిషాలు పట్టింది.

దర్బారు క్లాసు నుంచి వచ్చింది. దరఖాస్తు అడిగి తీసుకుని నా సంతకం పెట్టి ఇచ్చేశాను. ఉండమని చెప్పడానికి రెండు మంచి వాక్యాలు తయారు చేసుకున్నాను గానీ, అప్పటికి నాలుగు వారాలుగా ఆమెకి వద్దనడం చేతకాలేదని గుర్తొచ్చింది. నేను ఉండమంటే ఉంటుంది. అది నాకు అక్కర్లేదు.

"రేపు పన్నెండు దాకా టైముంది. వార్డెన్ సంతకం ఒక్కటే మిగిలింది" అన్నాను.

ఆమె కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు వరండా చివరి దాకా వినిపించింది.

ఆరింటికి అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చారు. మూసిన తలుపు ముందు, బస్సు ఆగే చోటు మార్చారని తెలియనివాళ్ళలా నిలబడ్డారు. ఒకరు తట్టబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. మరి మేమెక్కడికి వెళ్ళాలక్కా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళూ నా అంతస్తువాళ్ళే. వాళ్ళకీ ఇంకా రెండు వారాల పథకం మిగిలి ఉంది. నా గది తలుపు తెరిచే ఉందని, ఆ క్షణంలో, నాతో పాటు వాళ్ళూ చూశారు.

ఆ సాయంత్రం ఏడుగురు నా మంచం మీద కూర్చున్నారు. గోళ్ళరంగు నా దుప్పటికి అంటింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కాసేపటికి ముఖం నొప్పి పుట్టింది. నవ్వుతున్నానని అప్పుడు తెలిసింది.

ఏడింటికి రిజిస్టరులో పద్నాలుగు ఎదురుగా "మూసి ఉంది" అని రాశాను. వార్డెన్ ఫోన్ చేసి, ఏమైంది ఆ పిల్లకి, పలకరించావా అని అడిగింది. ఇంకా రెండు రోజులు మూసి ఉంటే గానీ పలకరించకూడదని, అది మన నియమమేనని చెప్పాను.

శనివారం సెలవు కావడంతో తొమ్మిదింటికే నా గది నిండిపోయింది. పదకొండైంది. పద్నాలుగో తలుపు తెరుచుకోలేదు. పదకొండున్నరకి నేను గడియారాన్ని మంచం కిందికి తోశాను. ఏడుగురికీ ఏమీ తెలియదు. ఒకమ్మాయి తన అత్తయ్య రెండో పెళ్ళి గురించి చెబుతోంది.

పావుతక్కువ పన్నెండుకి గుమ్మం దగ్గర దర్బారు కనిపించింది. జుట్టు చెదిరి ఉంది, చెంప మీద దిండు ముడతలు. అందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఆమె ఇంకొకరి గదికి రావడం ఎవరూ చూడలేదు. ఆమె చేతులు చూశాను. కాగితం లేదు. తాళం చెవి ఉంది.

"లోపలికి రావచ్చా?" అంది.

"రావే, ఇరుక్కో" అంది గోళ్ళరంగు అమ్మాయి, కాళ్ళు ముడుచుకుంటూ.

ఆమె మంచం అంచున కూర్చుంది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. అత్తయ్య కథ మళ్ళీ మొదలైంది. దర్బారు కాసేపు విని, నా వైపు చూసి, లేచి వచ్చి తాళం చెవి నా చేతిలో పెట్టింది.

"కాసేపు వెళ్ళి కూర్చోండి అక్కా. గడియ కొంచెం పైకెత్తి తొయ్యాలి" అంది. మళ్ళీ వెళ్ళి, మంచం మీద తన చోటులో కూర్చుంది.

పద్నాలుగో గది తాళం తీసి లోపలికి వెళ్ళి, కొంచెం పైకెత్తి తోశాను. పడింది. కిటికీ కూడా వేసి ఉండటంతో గది చీకటిగా, చల్లగా ఉంది. వరండా వెలుతురు రాకుండా తలుపు కింది సందులో కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి దూర్చి ఉంది. మడత అంచున నా సంతకంలో సగం కనిపిస్తోంది.

దాన్ని కదపలేదు. పెట్టె మీద కూర్చున్నాను. బయట ఎక్కడో పన్నెండు కొట్టారు. కాసేపటికి వరండాలో అడుగుల చప్పుడైంది, ఎవరో తలుపు తట్టారు. "అక్కా, మీరు లోపలికెళ్ళడం చూశాను. బాగానే ఉన్నారా?" అంది పదిహేడో గది పిల్ల గొంతు.

నేను చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను.