టోర్కెల్ అట్టపడవ

"కాస్త చెయ్యి చాపు, గున్వోర్," అన్నాడు మా ఆయన టోర్కెల్.

నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఇరవయ్యారేళ్ల కాపురంలో నా చెయ్యి ఎంత దూరం అందుతుందో తెలుసుకోవాలని ఆయనకి అనిపించడం ఇదే మొదటిసారి. మోచేతి నుంచి వేలికొస దాకా టేపు పెట్టాడు, కూర్చోబెట్టి నడుమెత్తు చూశాడు, చెవి వెనకున్న పెన్సిల్ తీసి రాసుకున్నాడు. ఆయన కొలత చూసి నాకు కలత పట్టుకుంది. మొగుడు ఉన్నట్టుండి పెళ్ళాం సుఖం ఆరా తీస్తున్నాడంటే ఎక్కడో ఏదో ఉంది.

పైకి కనిపించే కారణం పడవ. మా నాన్న హోల్గర్ నాకిచ్చిన పాతికడుగుల పాత చెక్క తెరచాప పడవ. లోపలి పాత అమరికంతా పీకి కొత్తగా కడతాడట. పడవలు కట్టే మా ఓరుస్ట్ దీవిలో మంచి చెక్కని కొయ్యబోయే ముందు ఎవరైనా అట్టలతో అసలు సైజులో కట్టి, అందులో కూర్చుని చూసుకుంటారు. అలా రెండు వారాలుగా మా ముందుగదిలో అట్టపడవ తిష్ఠ వేసింది. మొక్కలకి నీళ్ళు పొయ్యాలంటే నేను దాన్ని దాటాలి, చుట్టూ తుడవాలి, అందులో ఉన్న ఆయనకి కాఫీ అందించాలి.

"అంతా నీ కోసమే," అంటాడు. పెద్ద పొయ్యి, గిన్నెలు కడగడానికి లోతైన తొట్టి, కప్పులు జారిపోకుండా గూళ్ళు. అత్తగారు వచ్చి చూసి, ఇంత వసతి తన వంటింట్లోనే లేదని, నాది అదృష్టమని తేల్చి, దాల్చినచెక్క బన్ను ఇంకోటి అడిగింది. పడవలో నా పాత్ర ఏమిటంటే, పాత్రలే.

తొమ్మిదేళ్ళప్పుడే నాన్న నా చేతికి చుక్కాని ఇచ్చాడు. పెళ్ళైన తొలి వేసవిలో టోర్కెల్, "గాలి ఎక్కువుంది, ఇవాళ్టికి ఇలా ఇవ్వు," అన్నాడు. ఆ ఇవాళ్టికి ఇంకా తెల్లారలేదు. ఒడ్డుకి రాగానే ఆయన పడవ వెనక నుంచి లంగరు వేసి, ముక్కుని బండరాయికి చేరుస్తాడు. నేను తాడు పట్టుకుని ఆ రాయి మీదికి దూకుతాను. పక్క పడవల్లోనూ అంతే, మొగుళ్ళు కూర్చుని అరుస్తారు, పెళ్ళాలు దూకుతారు. పోయిన ఏడు జారి నా మోకాలు చిట్లింది. పడవకి మాత్రం గీతైనా పడలేదని ఆయన ఊరంతా సంబరంగా చెప్పుకున్నాడు.

మా అసలు పడవ ఉన్న షెడ్డులో పక్క పడవకి వార్నిష్ పూసే బొర్యె మా నక్షా చూసి, "తెరచాప తాళ్ళన్నీ చుక్కాని దగ్గరికే లాగావే. ఒక్కడివే నడుపుతావా ఏంటి?" అన్నాడు. టోర్కెల్ దగ్గాడు. ఆ దగ్గు నాకు నచ్చలేదు. తాళ్ళు లాగడానికీ నేను అక్కర్లేదా? ఆయన ఒంటరి, నేను వంటరి. లేకపోతే నా చోట్లోకి ఇంకెవరైనా ఎక్కుతున్నారా?

మర్నాడు ఆయన మేకులు కొనడానికి వెళ్ళగానే టేపు తీసుకుని అట్టపడవంతా సోదా చేశాను. పొయ్యి దగ్గర అట్టమీద నా పేరు, నా మోచెయ్యి, నా నడుము. చుక్కాని పట్టి కూర్చునే గుంటలో ఆయన వీపు, ఆయన తొడ, ఆయన కాలు. పడవ ఒరిగినప్పుడు పాదాలు తన్నిపెట్టుకోవాల్సిన అడ్డపట్టీ నా కాలికి జానెడు దూరంలో ఉంది. అక్కడ కూర్చుంటే నేను జారి నీళ్ళలో పడడమే. ఇంకో ఆడది ఎక్కడా లేదు. ఉన్న ఆడదానికి కూడా ఆ గుంటలో చోటు లేదు.

శనివారం షెడ్డులో టోర్కెల్ అసలు పడవ క్యాబిన్‌లోకి దూరి పొయ్యి బల్ల బిగిస్తున్నాడు. కాస్త జిగురు పూసి ఉంచమని అడ్డపట్టీ నా చేతికిచ్చాడు. పట్టీ ఎక్కడ రావాలో గుంటలో ఆయన గీసిన పెన్సిల్ గీత ఉంది. నేను చుక్కాని పక్కన కూర్చుని, కాళ్ళు చాపి, నా మడమలు ఆనిన చోట ఇంకో గీత గీశాను. ఆ గీత మీదే పట్టీకి జిగురు పెట్టి ఆరు మరమేకులూ దింపాను. ఒక్క మేకూ వంకర పోలేదు.

టోర్కెల్ బయటికొచ్చి చుక్కాని దగ్గర కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పట్టీ వంక చూశాడు, గీత వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"మరి నా కాళ్ళెక్కడ పెట్టుకోను?"

"నువ్వు లోపల కూర్చో," అన్నాను.